తేయాకు కొండపై రెండు దినములు

పెద్దనార్యుని మనుచరిత్రము చదివినవారికి ప్రవరాఖ్యుని కథ తెలియనిది కాదు. హిమాలయమును చూడవలెనని ఆ గృహస్థునకు కోరిక పుట్టెను. సిద్ధుడొకడు పాదలేపము నొసగగా దానిని పూసికొని పోయెను. మంచునీటికి లేపము కరగిపోవ, తిరిగి వచ్చు త్రోవ గానక, ఇంటికడ నిత్యకర్మలు తప్పునే యని చింతించెను. నా చిన్నతనమున మా తండ్రిగారు ఈ కథ చదివి చెప్పుచుండగా, "ఆయన భార్యకు కొండలు చూడవలెనని ఉండదా, నాన్నగారూ?" అని నేనడిగితిని. అతిథులెందరు వచ్చినను వండుటకు విసుగులేని యిల్లాలని కవి యామెను మెచ్చుకొనెనే కాని, ఆమె కోరిక యేమో చెప్పలేదు. మా తండ్రిగారు నవ్వి, "తక్కినది రేపు చదువుదము" అని పుస్తకము మూసిరి. ఆ ప్రశ్నకు సమాధానము ముప్పదియైదవ యేట, ఒక తేయాకు కొండమీద నాకు కొంత దొరకినది. దానినే మీకు విన్నవించుచున్నాను.

మా వారు చెన్నపట్టణమున నొక పాఠశాలలో ఉపాధ్యాయులు. ఇంట మా అత్తగారు, ఇద్దరు పిల్లలు. పదునాలుగేండ్ల కాపురములో పుట్టింటికో, పెండ్లికో, పుణ్యక్షేత్రమునకో తప్ప, ఊరక చూచి వచ్చుటకై నేను గడప దాటి యెరుగను. క్రిందటి సెప్టెంబరులో మా వీధిలోని నలుగురు స్నేహితురాండ్రు శని ఆదివారములలో కొళుక్కుమలైకి పోవుదమని నిశ్చయించుకొని నన్నును పిలిచిరి. వారిలో నొకామె బాలికలకు లెక్కలు చెప్పును. ఒకామె ఆసుపత్రిలో నర్సు. ఒకామె ఇంటనే కుట్టుపని చేయును. నాలుగవ యామె నాకు వరుసకు వదినె.

మా అత్తగారు ఆ కొండ పేరు వినగానే కూర తరుగుట మాని నావంక చూచి, "నిప్పులో మనుష్యులు చిక్కుకొన్న కొండ అదియే కాదుటే?" అనిరి. ఆమె మరువలేదు. 2018వ సంవత్సరము మార్చి 11వ తేదీ, ఆదివారమునాడు, కొళుక్కుమలై చూచి క్రిందనున్న కురంగణి గ్రామమునకు నడచి దిగుచున్న యాత్రికులను కారుచిచ్చు చుట్టుకొనెను. వేసవి ముంగిలి దినములు; కొండవాలున నిలువెత్తు గడ్డి యెండి యుండెను; దానికి గాలి తోడయ్యెను. ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ గుంపులలో చెన్నపట్టణమునుండి పోయినవారును, స్త్రీలును పెక్కండ్రుండిరి. ఆ వారము మా వీధిలో ఏ యింట విన్నను అదియే మాట. "ఆడువాండ్రకు కొండలెందుకు?" అని చాలమంది యనిరి. మగవారును పోయిరి గదా, మగవాండ్రకు కొండలెందుకని మాత్రము ఎవరును అడుగలేదు.

మా వారు మౌనముగా నుండిరి. వారి మౌనము సగము అంగీకారమే. తక్కిన సగము అత్తగారి చేతిలో నుండెను. మరునాడు లెక్కల పంతులమ్మ స్వయముగా వచ్చి అత్తగారి ప్రక్కను కూర్చుండి, "అమ్మగారూ, మీ భయము న్యాయమైనదే. కాని ఆ నిప్పు మార్చిలో గడ్డి యెండియుండుటచేత అంత పెరిగినది. మేము పోవునది వానలలో. దిగునది గడ్డివాలున గాదు, జీపులు పోవు బాటను. ఆ సంగతి తరువాత సర్కారువారు కొండనడకలకు నియమములు పెట్టినారు. వానిని తెలిసికొనియే పోవుచున్నాము" అని మెల్లగా చెప్పినది. అత్తగారు చాలసేపు ఆలోచించి, "తడిగడ్డి అంటుకొనదులే. కాలు జారకుండ చూచుకొనుడు" అనిరి.

ఇక నా వంతు భయము మొదలాయెను. కందిపప్పు ఏ డబ్బాలో నున్నది, పాలవాడు ఎన్ని గంటలకు వచ్చును, చిన్నవాని మందు ఎప్పుడు పోయవలెను అని మూడు కాగితములు వ్రాసి వంటింటి గోడకు అంటించితిని. ప్రవరుడు అగ్నిహోత్రమునకై చింతించెను. నేను గ్యాసుపొయ్యికై చింతించితిని. భేద మింతియే.

శుక్రవారము రాత్రి చెన్నపట్టణమున రైలెక్కి, మరునాటి యుదయమున తేని జిల్లాలోని బోడినాయకనూరు చేరితిమి. చిన్న పట్టాల దారిని పెద్ద పట్టాల దారిగా మార్చుటకై పెక్కేండ్లు మూసియుంచిన ఈ మార్గము 2023 జూనులో బోడివరకు తిరిగి తెరువబడినది. మన పాయసములలో పడు ఏలకులకు ఆ యూరు గొప్ప బేరస్థానము. నాయకరాజుల కాలమున దక్షిణమునకు తరలిపోయిన తెలుగువారి సంతతివారు పెక్కుమంది ఆ జిల్లాలో నేటికిని ఇండ్లలో తెలుగే మాటాడుదురు. మాకు ఇడ్డెనలు వడ్డించిన వృద్ధుడు మా మాటలు విని తెలుగులో కుశల మడిగెను. ఆయన పలుకుబడి మన పలుకుబడివలె లేదు. అయినను దూరపు చుట్టమెవరో పలుకరించినట్లుండెను.

బోడినుండి కనుమదారిని, మలుపులమీద మలుపులు తిరుగుచు, బోడిమెట్టుకడ కేరళరాష్ట్రము ప్రవేశించి, మధ్యాహ్నమునకు సూర్యనెల్లి యను చిన్న యూరు చేరితిమి. కుట్టుపని నేస్తురాలు దారి పొడవునను నిమ్మకాయను ముక్కుకడనుండి తీయలేదు. ఇచట నొక వింత యున్నది. కొళుక్కుమలై తమిళనాడులోనిది, కాని బండి పోవు త్రోవ కేరళవైపున సూర్యనెల్లినుండి మాత్రమే కలదు. తమిళనాడు వైపున ఉన్నది నిట్రమైన కొండవాలు. ఈ తోట సముద్రమట్టమునకు ఏడువేల అడుగులకు పైబడిన యెత్తున నుండి, లోకములోని మిక్కిలి యెత్తైన తేయాకు తోటలలో నొకటిగా పేరుగాంచినది. సూర్యనెల్లినుండి ఇంచుమించు 12 కిలోమీటర్ల రాళ్ళబాట. జీపులు గంతులు వేయుచు పోవును. మేము నడచియే పోవలెనని పంతము పట్టితిమి. మూడు గంటలలో చేరుదుమనుకొన్నది అయిదు గంటలు పట్టెను.

ఆ త్రోవ యంతయు తేయాకు తోటలే. దూరమునుండి చూచినచో కొండకు పచ్చని తివాసి కప్పినట్లుండును. దగ్గర నిలిచి చూచినచో ఒక్కొక్క పొద నడుమెత్తున సమముగా కత్తిరింపబడి యుండును. విడిచిపెట్టినచో తేయాకు చెట్టు తాటిప్రమాణముగా పెరుగగలదట. చేతికందుటకై దానిని పొదగానే నిలిపి, నాలుగైదేండ్ల కొకమారు మోటుగా నరికి చిగిర్పింతురు. మన పెరటి గోరింటను కత్తిరించుటవంటిదే ఈ పనియు. కాని ఇచట పెరడు కొండలంత యున్నది.

సగము దారిలో వదినె కెవ్వున కేకవేసెను. ఆమె మడమకడ జలగ పట్టినది. కంగారులో ఆమె దానిని పట్టి లాగివేయగా నెత్తురు కారజొచ్చెను. నర్సు నేస్తురాలు సంచి విప్పునంతలో, పైతోటనుండి నొక స్త్రీ చరచర దిగి వచ్చెను. ఏబదియేండ్ల మనిషి. చీరమీద మగవారి చొక్కా, నడుమునకు మంచు తగులకుండ ప్లాస్టికు పట్ట, తలకు గుడ్డ. ఆమె తన వక్కాకుసంచినుండి కొంచెము సున్నము తీసి, వదినె రెండవ కాలిమీద ప్రాకుచున్న మరియొక జలగకు తాకించెను. అది తనంతట తానే రాలిపోయెను. "లాగరాదమ్మా. అదియే విడువవలెను" అని తమిళమున చెప్పి నవ్వెను. ఏండ్లతరబడి చెన్నపట్టణమున నున్నవారము గనుక ఆమె మాటలు మాకు చక్కగా తెలిసినవి.

మేము కూర్చుండి అలసట తీర్చుకొనుచుండగా ఆమె తన పనిలో దిగెను. రెండాకులు, ఒక మొగ్గ గిల్లవలెనని పుస్తకములలో చదివియుంటిమి. ఇప్పుడు చాలచోట్ల చేతితో గిల్లుటకు బదులు, అంచున సంచి కట్టిన పెద్ద కత్తెరతో లేతచిగురు కత్తిరించుచున్నారు. కత్తెర టకటక మన్న ప్రతిమారును గుప్పెడు చిగురు సంచిలో పడును. కాని ఆ కత్తెర బరువు దినమంతయు రెండు చేతులమీదనే. వాలుమీద ఒక కాలు పైకి, ఒక కాలు క్రిందికి పెట్టి నిలువవలెను. చిగురు వచ్చు కాలమున వారమునకో పదిదినములకో ప్రతిపొదకడకు తిరిగి రావలెను. నిండిన మూటను తలకెత్తుకొని తూకమువేయు చోటికి మోయవలెను. ఇంతటి పచ్చియాకు ఎండి మనకు చేరునప్పటికి నాలుగైదు కిలోలకు ఒక కిలో మాత్రమే మిగులునట.

సాయంకాలము తూకముకడ ఆమె మాకు మరల కనబడి, "కొండ యెక్కి యేమి చూతురు?" అని అడిగెను. "సూర్యోదయము చూతు మక్కా" అంటిని. "ఇంటిలో పొయ్యి ఎవరు చూచుకొనుచున్నారు?" అని ఆమె రెండవ ప్రశ్న. మేమైదుగురమును ఒకరి మొగము లొకరము చూచుకొని నవ్వితిమి. నవ్వితిమే గాని, ఆ రాత్రి బసకు చేరగానే అందరమును మొదట చేసినపని ఇంటికి ఫోను చేయుటయే. నేను మూడుమార్లు చేసితిని. మూడవమారు మా వారు, "మేము భోజనము చేసితిమి. ఇక కొండను చూడుము" అని ఫోను పెట్టివేసిరి. నాకు సిగ్గువేసినది. వెలుపలికి వచ్చి చూతును గదా, తూర్పున నిలువులోతు అంధకారము. దాని యడుగున బోడి పట్టణపు దీపములు నక్షత్రములు రాలినట్లుండెను. ఇంతసేపు నేను చూడనిది ఇదియా యనుకొంటిని.

ఈ తోటల చరిత్రము కొంచెము చెప్పవలెను. మున్నారు కొండలలో తేయాకు సేద్యము 1880 ప్రాంతమున దొరలు మొదలిడిరి. అప్పుడు ఈ కొండలమీదికి బండిదారి లేదు. ఇచటికి సమీపముననే యున్న టాప్ స్టేషనునుండి, కురంగణి దాపుననున్న కొట్టగుడి వరకు, ఇనుపత్రాళ్ళపై వ్రేలాడు తొట్లలో తేయాకు పెట్టెలు మైదానమునకు దిగుచుండెడివి. మున్నారునుండి టాప్ స్టేషనుకు చిన్న రైలు కూడ నుండెను. 1924వ సంవత్సరపు మహావర్షములలో అది కొట్టుకొనిపోయినది. పనివారిని తమిళ మైదానములనుండి తెచ్చిరి. మాకు సున్నమిచ్చిన స్త్రీ తాతయు అట్లు వచ్చినవాడే. మన ఉత్తరాంధ్ర సీమనుండియు పూర్వము పెక్కు కుటుంబములు అస్సాము తేయాకు తోటలకు కూలికై పోయినవి. వారి మునిమనుమలు అచట నేటికిని ఉన్నారు. కనుక ఈ కథ మనకు పరాయిది కాదు.

2015వ సంవత్సరము సెప్టెంబరులో మున్నారు తోటల స్త్రీలు వేలకొలది పని మాని దారిమీద కూర్చుండిరి. బోనసు తగ్గించుటచేత మొదలైన ఆ పట్టుదలలో, పేరుగల సంఘముల మగనాయకులను వారు దగ్గరకు రానీయలేదు. "స్త్రీల ఐక్యత" యని యర్థమిచ్చు పెంపిళై ఒరుమై యను పేరు తమకు తామే పెట్టుకొనిరి. తొమ్మిది దినములకు ఇరువదివంతుల బోనసు సాధించిరి. తరువాత దినకూలియు 232 రూపాయలనుండి 301 రూపాయలకు పెరిగెను. అడిగినది 500, అయినను అడుగుట నేర్చిరి. ఆమె చెల్లెలు ఆ దినములలో అచట కూర్చుండినదట. ఆ మాట చెప్పునప్పుడు మాత్రమే ఆమె కంఠము పెద్దదాయెను.

ఆదివారము తెల్లవారుజామున చలికి వణకుచు తూర్పు అంచునకు పోయితిమి. మా పాదముల క్రింద మేఘములు పాలపొంగువలె వ్యాపించి యుండెను. వానినుండి కొండశిఖరములు దీవులవలె లేచియుండెను. సూర్యుడు పైకి రాగానే ఆ తెలుపంతయు కుంకుమపువ్వు కలిపిన పాలవలె మారెను. నేను చదివిన వర్ణనము లెన్నియో జ్ఞప్తికి వచ్చినవి. ఒక్కటియు నోటికి రాలేదు.

పిమ్మట ఫ్యాక్టరీ చూచితిమి. దొరల కాలమున నిలిపిన ఆ పాత కట్టడములో, పాత యంత్రములతోడనే పూర్వపద్ధతిని ఆకు తయారగుచున్నది. నిన్న కోసిన ఆకును రాత్రియంతయు జాలితొట్లలో పరచి, గాలి తగిలించి వాడ్చుదురు. వాడిన ఆకును పెద్ద ఇత్తడిపళ్ళెమువంటి యంత్రములో నలిపి చుట్టలు చుట్టింతురు. ఆకు లోపలి రసము వెలుపలికి వచ్చి గాలి సోకగానే పచ్చరంగు పోయి రాగిరంగు తిరుగును. కోసిన మామిడిముక్క నల్లబడుటవంటిదే అది. తగినంత రంగు రాగానే వేడిగాలిలో ఆరవేసి, ఆ మార్పును నిలిపివేయుదురు. అటుపై జల్లించి, ఆకు, రవ్వ, పొడి అని వేరుచేయుదురు. మనము అంగడిలో కొను గుండ్రని రవ్వ చాలవరకు సీటీసీ యను వేరు పద్ధతిది. దానిలో ఆకును నలిపి, చించి, ఉండలు చేయుదురు. అది రంగునకును పాలకును మేలు. ఎత్తుకొండలలో చలికి మెల్లగా పెరిగిన ఈ ఆకునకు పరిమళము మేలు.

తిరిగి వచ్చుచు, ఆ స్త్రీ చెప్పిన గుర్తులబట్టి ఆమె యిల్లు వెదకికొని పోయితిమి. ఒకే కప్పు క్రింద వరుసగా గదులు, గదికొక కుటుంబము. ఆమె వాకిట వారము బట్టలన్నియు కుప్పవేసికొని ఉదుకుచుండెను. ఒకప్రక్క కట్టెలమోపు, ఒకప్రక్క నీళ్ళబిందెలు. "ఇవాళ సెలవు గదా?" అని కుట్టుపని నేస్తురాలనెను. "తోటకు సెలవు, నాకు కాదు" అని ఆమె నవ్వెను. "ఆరు దినములు కొండ, ఏడవదినము ఇల్లు. మీరు కూర్చుండి వచ్చితిరే, ఆ బండ, అచట నేను ఊరక కూర్చుండి యెన్నేండ్లయినదో. చిన్నప్పుడు పోయెడిదానను."

సోదరీమణులారా! మా తండ్రిగారు మూసిన పుస్తకము నాకు అచట తెరచుకొన్నట్లాయెను. ఆడువారికి కొండ చేతగాదని మనము వినుచు వచ్చితిమి. ఈమె ముప్పదియేండ్లుగా తలపై మూటతో ప్రతిదినము కొండ యెక్కుచున్నది. ఎందుకని ఆమెను అడిగినవారు లేరు. స్త్రీకి కొండ కొత్త కాదు. పనిలేక ఒక గడియ కూర్చుండుట, అదియే కొత్త. ప్రవరుని యిల్లాలికిని కాళ్ళు లేక కాదు, తీరిక లేక.

ఎవరు మొదలుపెట్టిరో జ్ఞప్తికి లేదు. అయిదుగురమును చీరచెంగులు దోపి బట్టలు పిండితిమి. ఆమె వలదు వలదనుచుండగనే దండెము నిండెను. తరువాత వదినె ఆమె చేయి పట్టుకొని, "రా అక్కా, నీ బండ మాకు చూపింతువు" అనెను. ఆమె తడిచేయి చీరకు తుడుచుకొని మాతో వచ్చెను. మేఘములు విడిపోయి, క్రింద బోడి పొలములు గళ్ళచీరవలె కనబడుచుండెను. ఆమె అరగంట కూర్చుండెను. ఏమియు మాటాడలేదు. ఒక్కమారు మాత్రము వ్రేలు చూపి, "అదిగో, మా అమ్మ పుట్టిన యూరు అటువైపు" అనెను. మేమును మాటాడలేదు.

కాలు వాచిన వదినెకై దిగునప్పుడు జీపు నెక్కితిమి. ఆదివారము రాత్రి రైలెక్కి సోమవారము తెల్లవారిన పిదప ఇల్లు చేరితిమి.

పోదలచినవారికి నాలుగు మాటలు. ఫిబ్రవరినుండి మే వరకు గడ్డి యెండియుండు కాలము. అప్పుడు అడవివాలులలో నడువరాదు. అటవీశాఖవారి యనుమతి లేని కాలిబాట ఎంత అందముగా నున్నను పట్టరాదు; త్రోవ తెలిసినవారు లేక పోరాదు. వానలలో పోవువారు పొడుగు మేజోళ్ళు, కొంచెము ఉప్పో సున్నమో ఉంచుకొనవలెను; జలగను లాగరాదు. చీరకంటె సల్వారు, చెప్పులకంటె బిగువైన బూట్లు మేలు. నడువలేనివారికి జీపున్నది, అందు సిగ్గుపడవలసినది లేదు. నీలకురింజి పూవు చూడగోరువారు మాత్రము వేచియుండవలెను. పండ్రెండేండ్లకొకమారు పూయునది, 2018లో పూచినది, మరల 2030లో.

ఇంటికి వచ్చి చూతును గదా, గోడపై నా మూడు కాగితములు అట్లే యున్నవి. ఎవరును వానిని చదివినట్లు లేదు. సాంబారులో ఉప్పెక్కువైనదట, పాలొకమారు పొంగిపోయినవట. అయినను ఇల్లు నిలిచియే యున్నది. పెద్దవాడు పొయ్యి వెలిగించుట నేర్చుకొన్నాడు. కొళుక్కుమలై ఆకును నేను మరుగనీయక, వేడినీరు పోసి నాలుగు నిమిషములు మూతపెట్టి వడగట్టి, పాలు లేకుండ మా అత్తగారికిచ్చితిని. ఒక గుక్క త్రాగి, "ఇది కషాయమే!" అనిరి. గిన్నె మాత్రము క్రింద పెట్టలేదు. అంతయు త్రాగి, కొంచెము ఆగి, "ఆ జీపు బండకడ వరకు పోవునా?" అని అడిగిరి.

పోవునంటిని.